సలాడ్ ఆకును పప్పులోకి మళ్లించుట

పచ్చి ఆకు తినని ఇంటికి కుళాయి నీళ్లు ఇవ్వకూడదని మా పాలగెడ్డ పురపాలక సంఘం తీర్మానించిన రోజున నేను సెలవులో ఉన్నాను. ఉంటే ఆపేవాణ్నని కాదు. ఆ తీర్మానాన్ని గుండ్రని దస్తూరీతో మినిట్సు పుస్తకంలో ఎక్కించి ఉండేవాణ్ని. పదహారేళ్లుగా జూనియర్ అసిస్టెంటు హోదాలో నేను చేస్తున్న దేశసేవ అదే.

సంగతి మొదట్నుంచీ చెప్పాలి. ఆ చలికాలం మా కమిషనరు గారు తూర్పు దేశాల అధ్యయన యాత్రకి వెళ్లారు. వెళ్లింది మురుగుకాలవల గురించి తెలుసుకోవడానికి. అక్కడ మురుగుకాలవలన్నీ భూమి లోపల ఉండడంతో ఆయనకి చూడ్డానికి ఏమీ దొరకలేదు. అందుకని హోటల్లో పెట్టిన భోజనాన్ని శ్రద్ధగా చూశారు. పళ్లెం నిండా పచ్చి ఆకులట. కిటికీలోంచి చూస్తే ఎదురింటి తొట్టెల్లో కూడా అవే ఆకులట. ఆ ఇంటివాళ్లు తుంచుకుని, కడుక్కుని, అలాగే నమిలేస్తున్నారట. ఆ వీధిలోనే తొంభై ఏళ్ల ముసలాయన సైకిలు తొక్కుకుంటూ పోవడం ఆయన కళ్లారా చూశారు. మన ఊళ్లో తొంభై ఏళ్లవాళ్లు సైకిలు ఎందుకు తొక్కడం లేదన్న ప్రశ్న తిరుగు విమానంలో ఆయన్ని తొలిచేసింది. మన రోడ్ల మీది గోతులు కూడా ఒక కారణం కావచ్చునని ఆఫీసులో ఎవరికీ తోచలేదు. తోచినా అది ఇంజనీరింగు విభాగం ఫైలు, ఇది ఆరోగ్య విభాగం ఫైలు.

ఆ విధంగా 'ఇంటింటా ఆసియా సలాడ్' పథకం పుట్టింది. ఇంటికో విత్తనాల పొట్లం. అందులో నాలుగు రకాలు: పాక్ చోయ్, మిజునా, తాత్సోయ్, కొమత్సునా. పొట్లం మీద 'చలి వాతావరణంలో విత్తండి' అని ఉంది. పొట్లాలకి టెండరు పిలిచి, అవి వచ్చి, వాటిమీద కమిషనరు గారి ఫోటో అతికించేసరికి మాఘమాసం సగం అయిపోయింది. చలి వాతావరణం గురించి ఆయన్ని అడిగితే, "ఏసీ గదిలో సమీక్షించాం, చాలినంత చల్లగానే ఉంది," అన్నారు.

అవగాహన సదస్సు మునిసిపల్ కల్యాణమండపంలో పెట్టారు. కమిషనరు గారు మైకు పట్టుకుని, "ప్రియమైన పురప్రజలారా, ఆకును ఉడికించుట అనునది ఒక చారిత్రక తప్పిదం," అని మొదలెట్టారు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా ఊళ్లో ఆకు అంటే పప్పులోకో, పులుసులోకో, లేదంటే వెల్లుల్లి దంచి వేసి వేపుడులోకో వెళ్లాలి. పచ్చి ఆకు నేరుగా నోట్లో పెట్టుకునేది తమలపాకు ఒక్కటే, దానికైనా సున్నం రాయకుండా ఎవరూ నమలరు.

వెనక వరసలోంచి జగ్గారావు మాస్టారు లేచారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ప్రశ్న అడక్కుండా కూర్చోలేరు.

"ఆసియా ఆకులంటున్నారు. మనం ఉన్నదీ ఆసియాలోనే కదండీ! మా పెరట్లో తోటకూర కూడా ఆసియా ఆకే కదా?"

కమిషనరు గారు పక్కనున్న శానిటరీ ఇన్‌స్పెక్టరు ధర్మాజీరావు వైపు చూశారు. ధర్మాజీరావు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"ఇది విధానపరమైన అంశం," అన్నారు కమిషనరు గారు గొంతు సవరించుకుని. "మన పురపాలక పరిధి ఆసియా ఖండంలో ఉన్నదీ లేనిదీ మాస్టర్ ప్లాన్‌లో ఎక్కడా పేర్కొనబడలేదు. పై అధికారుల నుండి స్పష్టత కోరతాం."

ఆ స్పష్టత కోరే లేఖ నేనే రాశాను. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. 'ఈ విషయమై తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను' అని ఉంది. యథాతథ స్థితి అంటే మేము ఆసియాలో ఉన్నట్టా, లేనట్టా అన్నది ఆఫీసులో ఎవరమూ తేల్చుకోలేకపోయాం. తేలేవరకు తోటకూరని 'ఖండం నిర్ధారణ కాని ఆకు'గా రికార్డుల్లో చూపించాం.

పథకం మార్గదర్శకాలు ఇరవై రెండు. అందులో రెండింటిని మీరు తప్పక తెలుసుకోవాలి. ఏడవది: 'సలాడ్ ఆకును పచ్చిగా మాత్రమే భుజించవలెను. వేడి తగిలిన ఆకు తన సలాడ్ హోదాను కోల్పోవును.' తొమ్మిదవది: 'ఉల్లంఘించిన గృహమునకు కుళాయి కనెక్షను రద్దు చేయబడును.' శిక్షగా కుళాయే ఎందుకంటే, పురపాలక సంఘం జనానికి ఇస్తున్నది అదొక్కటే. వెనక్కి తీసుకోవడానికి మా దగ్గర మరొకటి లేదు.

ఇక ఎర్నమ్మ గురించి చెప్పాలి. పదకొండో వార్డులో ఆమె ఇంటి ముందుగదిలో నేను అద్దెకుంటాను. వెనకవైపు వంటిల్లూ, దాని వెనక నాలుగు సెంట్ల పెరడూ ఆమెవి. పెరట్లో ఒక కుళాయి. పొద్దున్న ఐదు నుంచి ఆరు దాకా నీళ్లు వస్తాయి. ఆ గంటసేపట్లో ఆమె తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర మడులన్నీ తడిపి, ఎనిమిదయ్యేసరికి బుట్ట నెత్తిన పెట్టుకుని మూడు వీధులూ తిరిగొస్తుంది. ఆమె బతుకంతా ఆ కుళాయి మీద నడుస్తోంది. నాకు మధ్యాహ్నం భోజనం కూడా ఆమె దగ్గరే. అరవై దాటిన మనిషి. నన్ను 'బాబూ' అంటుంది, నేను 'పిన్నీ' అంటాను.

ఆమె వాటా పొట్లం నేనే తెచ్చిచ్చాను. విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి చూసింది.

"ఇయి ఆవాల జాతే బాబూ. ఈ మాత్రానికి అన్ని దేశాలు తిరిగొచ్చినారేటి మీ పెద్దబాబు?"

"పిన్నీ, అవి ఆసియా సలాడ్ ఆకులు."

"అలగే. ఏదైనా మొలవాల కదా."

ఊళ్లో మిగతావాళ్లు మార్గదర్శకాల ప్రకారం 'సూర్యరశ్మి ధారాళంగా లభించు చోట' విత్తారు. ఆమె మాత్రం గింజల్ని సన్నటి ఇసకలో కలిపి, ఆనప పందిరి నీడలో పలచగా చల్లింది. గెంతే నల్లపురుగులు ఆకుల్ని చిల్లులు పొడుస్తుంటే పొద్దున్నే మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద జల్లింది. ఇరవై ఐదు రోజులకి నిగనిగలాడుతూ ఆకు వచ్చింది. మొక్క పీకకుండా పైపైన కోసుకుంటే వారానికి మళ్లీ చిగురేస్తోందని ఆమే కనిపెట్టింది. అంచులు కోసుకున్నట్టుండే మిజునాకి 'రంపంకూర' అనీ, గుండ్రంగా గరిటెల్లా ఉండే తాత్సోయ్‌కి 'గరిటెకూర' అనీ పేర్లు పెట్టింది. ఆ రెండూ కలిపి కందిపప్పులో వేసి, ఎండుమిరపకాయ, వెల్లుల్లితో పోపు పెట్టింది. ఆ మధ్యాహ్నం నేను మూడుసార్లు అన్నం కలుపుకున్నాను. ఏడో మార్గదర్శకం గుర్తొచ్చేసరికి విస్తరాకు ఖాళీ అయిపోయింది.

నేరం మా ఇంట్లోనే జరిగిందని అనుకోకండి. పాలగెడ్డలో పొట్లం అందుకున్న ప్రతి ఇల్లూ ఆకుని పప్పులోనే వేసింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు, కూడబలుక్కోలేదు. ఈ ఊరు ఏ విషయంలోనూ ఇంత ఐకమత్యంగా ఉండడం నేను చూడలేదు.

ఆఫీసుకి అనుమానం వచ్చింది. వెంటనే 'సలాడ్ మిత్ర' అని ఒక యాప్ తెచ్చారు. రోజూ పన్నెండు గంటల లోపు ఇంటి యజమాని పచ్చి ఆకు తింటూ ఫోటో పెట్టాలి. 'ఆకులో సగభాగము నోటి వెలుపల స్పష్టముగా కనిపించవలెను' అని నియమం. మొదటివారం ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. రెండోవారం నేను ఫోటోలు పరిశీలిస్తుంటే, గొల్లవీధిలో నలభై నోళ్లలో ఒకే ఆకు కనిపించింది. మూలన పురుగు కొట్టిన చిల్లు కూడా అన్నింట్లో ఒకేచోట ఉంది. ఆ ఆకు ఉదయం వీధి మొదట్లో బయల్దేరి, మధ్యాహ్నానికి వీధి చివరకి చేరుతోందన్నమాట. దాన్ని మధ్యలో ఎవరైనా కడిగారో లేదో రికార్డుల్లో లేదు.

దాంతో తనిఖీ దళం ఏర్పాటైంది. నాయకుడు ధర్మాజీరావు. దళంలో ముగ్గురు. ఎంపికకి ఘ్రాణ పరీక్ష పెట్టారు. కళ్లకి గంతలు కట్టి, మూడు గిన్నెల ముందు నిలబెట్టి, ఏ గిన్నెలో పోపు ఉందో చెప్పమన్నారు. పరీక్షకి వచ్చిన పంతొమ్మిది మందీ నూటికి నూరు తెచ్చుకున్నారు. ఇక ఎత్తును బట్టి ముగ్గుర్ని తీసుకున్నారు, గోడల మీంచి వాసన చూడాలి కాబట్టి.

ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా దళం వీధులు తిరిగేది. పోపు వాసన వచ్చిన గుమ్మం ముందు ఆగి, లోపలికెళ్లి గిన్నె మూత తీసేవారు. ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపిస్తే అది 'ప్రాథమిక ఆధారం'. పప్పులో ఆకుపచ్చ ముక్క కనిపిస్తే అది 'నిర్ధారిత ఆధారం'. జనం గడుసువాళ్లు. దళం వస్తోందని తెలియగానే పక్కవీధిలో స్టీలు పళ్లెం మీద గరిటెతో మోగించేవారు, అన్ని పొయ్యిలూ ఒకేసారి ఆరిపోయేవి. ఎర్నమ్మకి కాస్త చెముడు. ఆ పళ్లెం చప్పుడు ఆమెకి వినిపించలేదు.

ధర్మాజీరావు మా వంటింట్లో జొరబడేసరికి నేను పీట మీద కూర్చుని మొదటి ముద్ద కలుపుతున్నాను.

"త్రినాథరావు గారూ, మీరిక్కడా?" అన్నాడు.

"నేను... క్షేత్రస్థాయి పరిశీలనలో ఉన్నాను," అన్నాను.

"మంచిది. సాక్షి దొరికాడు."

పంచనామా రాశారు. అభియోగం: 'పథకపు సలాడ్ ఆకును పప్పులోకి మళ్లించుట'. సాక్షిగా నేను సంతకం పెట్టాను. చేతికి పప్పు అంటుకుని ఉండడంతో కాగితం మీద పసుపు మరక పడింది. అది కూడా సాక్ష్యమే అని ధర్మాజీరావు చుట్టూ గీత గీశాడు. పప్పు గిన్నెకి గుడ్డ కట్టి, లక్క సీలు వేసి ఆఫీసుకి తీసుకెళ్లారు. సాయంత్రం చూస్తే గిన్నె ఖాళీగా ఉంది. రిజిస్టరులో 'పరీక్ష నిమిత్తం వినియోగమైనది' అని ఎంట్రీ ఉంది. ఆ రోజు దళం సభ్యులెవరూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లలేదు.

మూడోరోజు విచారణ. కమిషనరు గారి గదిలో ఎర్నమ్మని నిలబెట్టారు. ఫైలు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. ఆమె మొహం చూడలేకపోయాను, నిజం చెప్పొద్దూ.

"ఎర్నమ్మా, ఆకును పచ్చిగా తినకుండా ఉడికించినట్టు నిర్ధారణ అయినది. సంజాయిషీ ఏమిటి?"

"పచ్చాకు మేకలు తింతాయి బాబూ. ఆటికి పొయ్యి నేదు, మనకున్నాది కదా."

"ఆ వాదన మార్గదర్శకాలకి విరుద్ధం. ఇకనైనా పచ్చిగా తినగలరా, తినలేరా?"

"ఎలగ తింతాను? నాకున్నయి నాలుగు పల్లు. అయీ ఎదురెదురుగా నేవు."

కమిషనరు గారు మార్గదర్శకాలు తిరగేశారు. "దంత లోపం కారణంగా మినహాయింపు కోరాలంటే పురపాలక దంతవైద్యుని ధ్రువపత్రం ఉండాలి," అన్నారు.

"మనకి దంతవైద్యుడి పోస్టు లేదు సార్," అన్నాను నేను. పదహారేళ్లలో అడక్కుండా మాట్లాడడం అదే మొదటిసారి.

"అయితే ధ్రువపత్రం రాదు. పత్రం లేనప్పుడు లోపం లేనట్టే. అంటే ఆమెకు ముప్పై రెండు పళ్లూ ఉన్నట్టే," అని సంతకం పెట్టేశారు.

"బాబూ," అంది ఎర్నమ్మ చేతులు జోడించి. "నన్ను తిట్టండి, కొట్టండి. కుళాయి మాత్తరం కొయ్యకండి. అది నేకపోతే నా మడులు సచ్చిపోతాయి. మడులు పోతే నానేటి ఒండుకు తినాల?"

"వండుకోవడమే కదా అసలు సమస్య," అన్నారు కమిషనరు గారు, ఎంతో సహనంగా.

మర్నాడు ఫిట్టరు వచ్చి కుళాయి ఊడదీసి పైపుకి బిరడా బిగించాడు. ఆ రోజు నుంచి ఎర్నమ్మ వీధి చివర బోరింగు నుంచి బిందెలతో నీళ్లు మోసింది. పొద్దున్న పన్నెండు బిందెలు, సాయంత్రం పది. గోంగూర మడి వదిలేసింది. తర్వాత చుక్కకూర వదిలేసింది. బుట్ట చిన్నదైపోయింది. నేను రోజూ ఇన్ చేసిన చొక్కాతో ఆమె పక్కనుంచే ఆఫీసుకి వెళ్లేవాణ్ని. నాకు సిగ్గేసేది. అయినా బిందె అందుకోలేదు, తనిఖీ దళం చూస్తే నేరస్థురాలికి సహకరించినట్టు రాస్తారని భయం.

అంతలో ఎండలు ముదిరాయి. ఊరంతా సలాడ్ మొక్కలు ఆకులు వేయడం మానేసి, నిలువునా కాడలు పెంచుకుని, పసుప్పచ్చగా పూసేశాయి. వేడికి ఆ జాతి అలాగే పూస్తుంది, పూస్తే ఆకు చేదెక్కి పీచు కడుతుంది. ఆఫీసు ఊరుకుంటుందా? 'అనుమతి లేకుండా పుష్పించుటకు కారణము మూడు రోజులలో తెలుపవలెను' అని ఇంటింటికీ నోటీసులు వెళ్లాయి. జగ్గారావు మాస్టారు ఒక్క మాటలో జవాబు రాశారు: 'ఎండ'. ఆ కారణం ఆమోదిత కారణాల జాబితాలో లేదని దాన్ని తిప్పి పంపాం.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉన్నతస్థాయి బృందం వస్తోందని ఫోను వచ్చింది. పథకం విజయాన్ని కళ్లతో చూస్తారట. కమిషనరు గారు జీపెక్కి వార్డులన్నీ తిరిగారు. ఎక్కడ చూసినా పసుపు పూలే. పదకొండో వార్డులో ఎర్నమ్మ పెరడు దగ్గర జీపు ఆగిపోయింది. ఆనప పందిరి కింద, బోరింగు నీళ్లతో, నాలుగు రకాలూ పచ్చగా ఏపుగా ఉన్నాయి. ఆ పందిరి అనధికార నిర్మాణమని ధర్మాజీరావు అప్పటికే ఫైలు తెరిచాడు. ఆ ఫైలు నా బల్ల మీదే పెండింగులో ఉండబట్టి పందిరి బతికిపోయింది.

"ఎర్నమ్మ గారూ!" అన్నారు కమిషనరు గారు. ఆ 'గారు' విని ఆమె ఇంకెవరో వచ్చారేమోనని వెనక్కి చూసింది. "మీ తోట మన పురపాలక సంఘానికే గర్వకారణం."

"నా కుళాయి నాకిప్పించండి బాబూ. మీకేటి కావాలంటే అది సూపించుకోండి."

"కుళాయి పునరుద్ధరణకు నాది హామీ," అని ఆయన గుండె మీద చెయ్యేసుకున్నారు. ఎర్నమ్మ ఆ మాట నమ్మింది. నేనూ నమ్మాను.

బృందం వచ్చింది. దాని నాయకురాలు పెద్ద అధికారిణి. నల్లకళ్లజోడు తీయకుండా పందిరి కింద నిలబడి చూశారు. ఆవిడ చేత్తో తుంచుకోవడానికి వీలుగా కమిషనరు గారు ఒక వెండిపళ్లెం, మంచినీళ్లు సిద్ధం చేయించారు. ఆవిడ తుంచలేదు.

"ఎంత పచ్చగా ఉంది! దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు," అన్నారు.

మురిసిపోయి అన్న మాట అది. మా కమిషనరు గారు మాత్రం దాన్ని మౌఖిక ఆదేశంగా నమోదు చేయించారు. మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది. ఎర్నమ్మ పెరడు 'ఆదర్శ సలాడ్ సంరక్షణ వాటిక'గా మారింది. చుట్టూ ఇనుప కంచె వేశారు. ఆకు కోయడం నిషేధం. తోటకూర, పాలకూర 'అననుమతి ఆకులు' అని పీకి పారేశారు. పోపు పొగ తగిలితే ఆకులు సలాడ్ హోదా కోల్పోయే ప్రమాదముంది కాబట్టి కంచెకి ఇరవై మీటర్ల లోపు పొయ్యి వెలిగించకూడదన్నారు. ఎర్నమ్మ వంటిల్లు కంచెకి నాలుగు మీటర్లలో ఉంది.

కుళాయి కూడా వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే కనెక్షను ఎర్నమ్మ పేరు నుంచి వాటిక పేరుకి మార్చారు. ఆ కుళాయికి ఇనుప పెట్టె బిగించి తాళం వేశారు. వాటికకి సంరక్షకుడు కావాలి కదా, నన్ను వేశారు. నాకు హోదా పెరిగింది, మెడలో కార్డు వచ్చింది, జేబులో తాళంచెవి వచ్చింది. రోజూ ఐదింటికి తాళం తీసి, ఎవరూ తినని ఆకులకి నీళ్లు పోసి, ఆరింటికి తాళం వేయడం నా పని. మిగతా ఊరిలో ఆకు ఒక్కటి కూడా మిగలలేదు కాబట్టి ఏడో మార్గదర్శకం తాత్కాలికంగా నిలిపేశారు. పథకం నూటికి నూరుపాళ్లు విజయవంతమైందని నివేదిక వెళ్లింది. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుని పొయ్యిలు వెలిగించుకుంది. ఎర్నమ్మ ఒక్కతే వీధరుగు మీద మూడు ఇటుకలు పెట్టుకుని గంజి కాచుకుంది.

సోమవారం అర్జీల రోజున ఆమె ఆఫీసుకి వచ్చింది. చేతిలో కాగితం. జగ్గారావు మాస్టారి దస్తూరీ, ఆమె వేలిముద్ర. కమిషనరు గారు నన్ను చదవమన్నారు. చదివాను.

'అయ్యా, మా పెరట్లో ఆకులకి రోజూ గంటసేపు నీళ్లు ఇస్తున్నారు. వాటిని ఎవరూ ముట్టుకోకుండా కాపలా పెట్టారు. వాటికి పొగ తగలకుండా చూస్తున్నారు. నేను కూడా ఆ పెరట్లోనే ముప్పై ఏళ్లుగా ఉన్నాను. దయచేసి నన్ను కూడా ఒక సలాడ్ ఆకుగా మీ రిజిస్టరులో రాసుకుని, నా వంతు నీళ్లు నాకు ఇప్పించగలరని ప్రార్థన.'

ఎవరైనా నవ్వుతారనుకున్నాను. కనీసం తల దించుకుంటారనుకున్నాను. కమిషనరు గారు కళ్లజోడు సవరించుకుని, "నియమాల ప్రకారం పరిశీలించి ఉత్తర్వు పెట్టండి," అన్నారు.

పరిశీలన నాలుగు రోజులు జరిగింది. ధర్మాజీరావు ఆమె ఎత్తు కొలిచాడు. మొలకెత్తిన తేదీ అన్న గడిలో పుట్టిన తేదీ తెలియదని రాసుకున్నాడు. చివరికి ఉత్తర్వు ఇలా వచ్చింది: 'దరఖాస్తుదారు ఆమోదిత నాలుగు రకములలో ఏ రకమునకును చెందనందున, ఆమె ఏ ఖండమునకు చెందునో స్పష్టత పెండింగులో ఉన్నందున, అర్జీ తిరస్కరించడమైనది.' టైపు చేసింది నేనే. ఒక్క అక్షరదోషం కూడా లేదు.

ఆ కాగితం పట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చాను. ఎర్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ బిందె.

"ఏటి రాసినారు బాబూ?"

చదివి వినిపించాను. ఆమె నవ్వింది. ఆ నాలుగు పళ్లూ కనిపించాయి.

"పోన్లెండి బాబూ. ఒకేల ఆకని రాసుంటే, ఏదో ఒకనాటికి నన్నూ కడిగీసి పచ్చిగానే తినీసుందురు."

ఆమె బిందె అందుకోబోతే నేను లాక్కున్నాను. ఇన్నాళ్లకి ఆ మాత్రం ధైర్యం వచ్చింది. ఇంటి వెనకే, కంచె అవతల కుళాయి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. బిందె భుజానికెత్తుకుని వీధి చివరకి నడిచి, బోరింగు దగ్గర పదిహేడోవాడిగా లైనులో నిలబడ్డాను. వేళ కాని వేళ తాళం తీయాలంటే పై అధికారి అనుమతి ఉండాలి కదా.